ముందు వాక్యాలు రాయి, తర్వాత పేజీ వెయ్యి

తిరుపతి

చి. పాపకు, పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలేజీ వార్షిక సంచికలో విషయసూచిక పేజీ నీకు అప్పజెప్పారని మీ నాయన చెప్పాడు. ‘ఒక్క పేజీయే కదా, ఒక రాత్రి కూర్చుంటే అయిపోతుంది’ అని మీ సంపాదక వర్గంలో ఎవరో అన్నారట. ఆ మాట పట్టించుకోవద్దు. 64 పేజీల సంచికలో దాదాపు అందరూ చూసే లోపలి పేజీ అదొక్కటే. ముఖచిత్రం బాగుందని చేతిలోకి తీసుకున్నవాళ్ళు లోపల ఏముందో తెలుసుకునేది అక్కడే. మీ క్లాసు పిల్ల కష్టపడి రాసిన కథను ఎవరైనా చదువుతారా, పక్కన పడేస్తారా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. ప్రెస్సుల్లో, పత్రికాఫీసుల్లో పేజీలు పెట్టే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన నమూనా చూశాను. రంగులు బాగున్నాయి, శేషాచలం కొండల ఫోటో ఇంకా బాగుంది. అయితే నువ్వు డిజైన్‌తో మొదలుపెట్టావు. ఈ పని వాక్యాలతో మొదలుపెట్టాలి. కంప్యూటర్ పక్కన పెట్టి ఒక నోట్‌బుక్ తీసుకో. ప్రతి రచనకూ శీర్షిక, రాసినవాళ్ళ పేరు, లోపల ఏముందో చెప్పే చిన్న వాక్యం ఒకటి రాసుకో. పేజీ నంబరు ఇప్పుడే రాయొద్దు.

ఆ చిన్న వాక్యం రాయడమే ఇందులో అసలు పని. నీ నమూనాలో ‘శ్రీకాళహస్తి కలంకారీ: ఒక పరిశీలన’ అనే వ్యాసం ఉంది. దాని కింద ‘కలంకారీ కళ గొప్పతనాన్ని వివరించే వ్యాసం’ అని పెట్టావు. శీర్షికలో ఉన్నదాన్నే మళ్ళీ చెప్పావు తప్ప చదివేవాడికి కొత్తగా ఏమీ అందలేదు. వ్యాసం ఇంకోసారి చదువు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడతారని, ఆ కసిమి నీళ్ళతో గీసిన గీత కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద నల్లగా తేలుతుందని ఆ అమ్మాయి ఎంత చక్కగా రాసిందో! దగ్గరుండి చూసి రాసిన సంగతి అది. దాన్నే పైకి తీసుకురా. ‘ఇనుము, బెల్లం ఊరితే నలుపు: శ్రీకాళహస్తిలో కలం పట్టినవాళ్ళ దగ్గర’ అని ఒక్క లైను చాలు. కలంకారీ మీద ఆసక్తి లేనివాడు కూడా ఇనుముకూ బెల్లానికీ ఏం సంబంధమని ఒక్క క్షణం ఆగుతాడు.

గంగ జాతర వ్యాసానికీ అంతే. ‘తాతయ్యగుంట గంగ జాతర విశిష్టత’ అంటే తిరుపతిలో పుట్టినవాళ్ళెవరూ ఆ పేజీ తిప్పరు. జాతర గొప్పదని వాళ్ళకు మనం చెప్పాలా? ఏ రోజు ఏ వేషం కడతారో వరసగా చెప్పమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. ‘బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి: ఏ రోజు ఏ వేషం, ఎందుకు’ అని పెట్టి చూడు. చిత్తూరు మామిడి మీద వ్యాసానికి ‘రైతుల సమస్యలు’ అని రాసి వదిలేశావు. రాసినవాడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో నిలబడి, రైతులతో మాట్లాడి రాశాడు. ‘తోతాపురి లోడుతో గేటు బయట: ధర చెప్పేది ఎవరు?’ అంటే ఆ ఎండ, ఆ ఎదురుచూపు కొంతైనా లైనులోకి వస్తాయి.

వాక్యం పది మాటలు దాటనివ్వకు. ‘అద్భుతమైన’, ‘ఆలోచింపజేసే’, ‘తప్పక చదవాల్సిన’ లాంటి మాటలు కొట్టేయ్. అలాంటి మెచ్చుకోలు చదివినవాళ్ళ నోట రావాలి, మనం ముందే రాసి పెట్టకూడదు. కథ అయితే మొదలు మాత్రమే చెప్పు, చివర ఏమవుతుందో పొరపాటున కూడా బయటపెట్టకు. కవితలకు వాక్యమే వద్దు. కవిత పేరు, కవి పేరు ఉంటే చాలు. ఇంకో మాట, లోపలి పేజీలో శీర్షిక ఎలా ఉందో సూచికలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. అక్కడ ‘గంగ జాతర’, ఇక్కడ ‘గంగమ్మ జాతర’ అని ఉంటే వెతికేవాడు తప్పు పేజీకి వచ్చాననుకుంటాడు.

వాక్యాలు కుదిరాక పేజీకి రా. మన బస్టాండులో మదనపల్లె బస్సు బోర్డు చూసే ఉంటావు. ‘మదనపల్లె’ అని పెద్దగా, ‘వయా పీలేరు’ అని కింద చిన్నగా ఉంటుంది. పరుగెత్తుకుంటూ వచ్చినవాడికి ముందు ఊరు కనిపించాలి, ఆగి చూసినవాడికి దారి తెలియాలి. నీ పేజీలోనూ శీర్షిక పెద్దగా, ముదురుగా ఉండాలి. వివరం దానికంటే చిన్నగా, పలచగా ఉండాలి. పేరు ఆ రెండింటితో కలిసిపోకుండా వేరే తీరులో ఉండాలి. ఈ మూడు రకాలు చాలు. నీ నమూనాలో ఆరు రకాల అక్షరాలు ఉన్నాయి, కన్ను ఎక్కడా నిలవడం లేదు. ఫాంట్లు రెండు మించొద్దు. శీర్షికలకు రామభద్ర లాంటి దళసరి ఫాంటు, వివరాలకు మండలి లాంటి తేలికైనది వాడుకో, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. పాయింట్ల లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకు. తెలుగులో ఒక ఫాంటులో 12 పాయింట్లు ఇంకో ఫాంటులో 10లా కనిపిస్తాయి. మీ సంచికలో ఇంగ్లీషు, హిందీ విభాగాలు కూడా ఉన్నాయి కాబట్టి మూడు లిపులూ పక్కపక్కన పెట్టి, కంటికి సమానంగా కనిపించేదాకా సైజు సరిచెయ్యి.

పేజీ నంబరు ఎక్కడ పెట్టాలని అడిగావు. ఎడమ పక్క, శీర్షికకు ముందు పెట్టు. శీర్షిక ఎడమ చివర, నంబరు కుడి చివర పెట్టి మధ్యలో చుక్కలు పరచడం పాత అలవాటు. వెడల్పు పేజీలో ఆ చుక్కల వెంట పోయిన కన్ను పై లైనులోకో కింది లైనులోకో జారుతుంది. తెలుగులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన శీర్షికలు చాలావరకు సున్నాతో ముగుస్తాయి: ప్రయాణం, జ్ఞాపకం, వ్యవసాయం. ఆ సున్నా పక్కన చుక్కలు, చుక్కల పక్కన 10, 20, 30 వచ్చాయంటే అంతా గుండ్రాలే. నంబరు ముందుంటే, శీర్షిక రెండు లైన్లు పట్టినా మొదటి లైనుకు సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. నంబర్లన్నీ ఒకే నిలువు గీత మీద వస్తాయి. కాస్త పెద్దగా, రంగులో వేసుకోవచ్చు. తెలుగు అంకెలు వేద్దామని మీ లెక్చరర్ గారు అన్నారట. నాకూ అవంటే ఇష్టమే. కానీ ౭, ౮ చూసి తడబడకుండా పేజీ తిప్పే పిల్లలు మీ కాలేజీలో ఎంతమంది ఉన్నారు? లోపలి పేజీల్లో ఏ అంకెలు వేస్తున్నారో ఇక్కడా అవే ఉండాలి.

లైన్ల మధ్య ఖాళీ విషయంలో పిసినారితనం వద్దు. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ మనకు చాలదు. మన అక్షరానికి కింద ఒత్తులు వేలాడతాయి, పైన గుడులు లేస్తాయి. ‘శ్రీకృష్ణదేవరాయల’ అని ఒక లైను, దాని కిందే ‘చంద్రగిరి కీర్తి’ అని ఇంకో లైను పెట్టి చూడు, పై లైను ష్ణ కింది లైను గుడిని తాకుతుందేమో తెలుస్తుంది. అక్షరం సైజుకు సుమారు ఒకటిన్నర రెట్లు ఇస్తే ఊపిరాడుతుంది. ఒక శీర్షికకూ దాని వివరానికీ మధ్య తక్కువ, ఒక రచనకూ ఇంకో రచనకూ మధ్య ఎక్కువ ఖాళీ ఉండాలి. అది కుదిరితే గీతలు, గడులు, పువ్వుల బోర్డర్ ఏమీ అక్కర్లేదు. పొడుగు శీర్షిక విరవాల్సి వస్తే అర్థం చూసి విరువు. ‘చంద్రగిరి కోటలో’ ఒక లైను, ‘ఒక మధ్యాహ్నం’ ఇంకో లైను. ‘ఒక’ పై లైనులో చిక్కుకుంటే చదివేటప్పుడు గొంతు తడబడుతుంది.

ఇప్పుడు ఆ కొండల ఫోటో సంగతి. నీకు బాధగా ఉంటుంది కానీ, అక్షరాల వెనక నుంచి దాన్ని తీసెయ్. మన ఊళ్ళో చాలా సంచికల్లో ఈ పేజీ వెనక గోపురమో ఏడుకొండలో పలచగా వేస్తారు. స్క్రీన్ మీద ముచ్చటగానే ఉంటుంది. మ్యాప్‌లిథో అనే, నునుపు పూత లేని అచ్చు కాగితం మీద సిరా కాస్త పరుచుకున్నాక ఫోటో మురికిగా మారుతుంది, దాని మీది చిన్న అక్షరాలు కళ్ళకు శ్రమ. నలుపు మీద తెల్ల అక్షరాలైతే మరీ కష్టం. సన్నటి తలకట్లు, ఒత్తులు సిరాలో పూడిపోతాయి. వివరాల అక్షరాలు తెల్లకాగితం మీద నలుపులోనే ఉండనీ, ఆ నలుపు కూడా నాలుగు రంగుల కలయిక కాకుండా ఒక్క నల్ల ప్లేటులోనే వచ్చేట్టు చూడమని డీటీపీ అబ్బాయికి చెప్పు. అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది, అవి వెంట్రుకవాసి పక్కకు జరిగినా నాలుగు రంగుల నలుపు అంచుల్లో ఎర్రగా, నీలంగా చెదురుతుంది.

కొండలను వదులుకోమనడం లేదు. పేజీ పైభాగంలో మూడో వంతు ఆ ఫోటోకే ఇచ్చెయ్, నిండుగా, స్పష్టంగా. అది తలకోన ట్రెక్కింగ్ వ్యాసంలోదే కాబట్టి మూలన ఆ వ్యాసం పేజీ నంబరు పెట్టు. ఇంకా చోటుంటే జాతర వేషం ఫోటో ఒకటి చిన్నగా పెట్టు. అంతకు మించొద్దు. తపాలా బిళ్ళలంత ఫోటోలు ఎనిమిది పెడితే ఒక్కదాంట్లోనూ ముఖం కనిపించదు. నంబరు లేని ఫోటో మాత్రం ఈ పేజీలో ఒక్కటి కూడా ఉండకూడదు. ముఖచిత్రం ఏ రచనకు సంబంధించిందో, తీసిందెవరో కూడా కింద ఒక లైనులో చెప్పు, చాలామంది ముందు వెతికేది దాన్నే.

సందేశాల గురించి కాస్త పట్టుబట్టాలి నువ్వు. మన కాలేజీ సంచికల్లో పెద్దల సందేశాలు, వాళ్ళ ఫోటోలు అయ్యాక తొమ్మిదో పేజీలోనో పదకొండులోనో విషయసూచిక దొరుకుతుంది. అప్పటికి చదివేవాడు సగం సంచిక తిరగేసి ఉంటాడు. ప్రిన్సిపాల్ గారికి మర్యాదగా చెప్పు, 1వ పేజీలో వారి సందేశం, 3లో విషయసూచిక, మిగతా సందేశాలు 4 నుంచి అని. 3 కుడిచేతి పేజీ, అట్ట తిప్పి ఒక్క కాగితం తిప్పితే కనిపిస్తుంది. సూచికలో సందేశాలన్నిటికీ కలిపి ఒక్క లైను చాలు.

వరస విషయంలో నా అభిప్రాయం ఇది: సంచికలో కథలన్నీ ఒకచోట, కవితలన్నీ ఒకచోట ఉంటే విభాగాలుగా ఇవ్వు. కలగలిపి ఉంటే పేజీల వరసలోనే ఇచ్చి, పక్కన చిన్నగా ‘కథ’, ‘కవిత’ అని రాయి.

పేర్ల దగ్గరికి వస్తున్నాను. అన్నిటికంటే దీని గురించే నాకు పట్టింపు ఎక్కువ. సంచిక చేతికి రాగానే ప్రతి పిల్లా ముందు చూసుకునేది తన పేరే. ఇంటికి తీసుకెళ్ళి అమ్మానాన్నలకు చూపించేది ఆ లైనే. అచ్చులో పేరు చూసుకోవడం చాలామందికి అదే మొదటిసారి, కొందరికి అదే ఆఖరిసారి కూడా. ఇంటిపేరు అక్షరం తప్పు పడినా, ‘హరిత’ ‘హారిక’ అయినా ఆ సంతోషం మనం లాగేసుకున్నట్టే. హాజరు పట్టికలోంచి పేర్లు ఎక్కించొద్దు. ప్రూఫ్ కాగితం తీసుకుని క్లాసులకు వెళ్ళు, ఎవరి పేరు వాళ్ళకే చూపించి పక్కన సంతకం పెట్టించుకో. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు, ఫోటోలు తీసినవాళ్ళ పేర్లు కూడా. కోర్సు, సంవత్సరం లోపలి పేజీలో ఉంటే చాలు, సూచికలో ఇరికించకు.

పేజీ నంబర్ల పని అన్నిటికంటే ఆఖరున. 32 కాగితాలు చిన్నవి తీసుకుని పుస్తకంలా పట్టి డమ్మీ ఒకటి తయారుచేసుకో. ఏ పేజీలో ఏ రచన, ఏ ప్రకటన అని పెన్సిల్‌తో రాసుకో. మీ సంచిక సెంటర్ పిన్, అంటే కాగితాలు మడిచి మధ్యలో పిన్నులు కొట్టేది కాబట్టి పేజీలు నాలుగు లెక్కనే పెరుగుతాయి, తగ్గుతాయి. నగల షాపు వాళ్ళో కోచింగ్ సెంటర్ వాళ్ళో ఆఖరి రోజు వచ్చి లోపల ఒక పేజీ ప్రకటన ఇస్తామంటారు, ఎవరో సరేనంటారు. అప్పుడు ఆ పేజీ తర్వాతివన్నీ జరుగుతాయి, సూచికలో నంబర్లన్నీ తప్పులవుతాయి. ప్రకటనలకు ఒక తేదీ గడువు పెట్టి, దాని తర్వాత ఎవరడిగినా లేదని చెప్పమను. రచనలున్న ప్రతి పేజీలోనూ నంబరు అచ్చవుతోందా అన్నది కూడా చూడు. నిండా ఫోటో పరిచిన పేజీల్లో నంబరు ఎగరగొట్టడం డిజైనర్లకు అలవాటు. అలాంటివి వరసగా నాలుగు వస్తే సూచిక చూసి వెతికేవాడు దారి తప్పుతాడు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను, అది నీకే బాగా తెలుసు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెడితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకో, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. మీ డీటీపీ అబ్బాయి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తే, అవి యూనికోడ్ కావు కాబట్టి ఫోన్‌లో టైపు చేసినవన్నీ మార్చుకోవాలి. ఆ మార్పిడిలో కొన్ని అక్షరాలు తారుమారవుతాయి కాబట్టి అది అయ్యాక ఇంకోసారి ప్రూఫ్ చదవాలి. పాత విద్యార్థులకు పీడీఎఫ్ పంపుతారు కదా, అందులో అట్టలు కూడా లెక్కలోకి వచ్చి మన 3వ పేజీ 5వది అవుతుంది. అందుకని సూచికలో ప్రతి శీర్షికకూ లింకు ఇచ్చేస్తే ఫోన్‌లో చదివేవాళ్ళకు ఏ గొడవా ఉండదు.

టెన్షన్ పడకు, నీకు ఇంకా టైముంది. వాక్యాలు ముందు రాసి పంపు, చూసి చెబుతాను. పేజీ తయారయ్యాక అసలు సైజులో ప్రింటు తీసి మీ నాయనకిచ్చి పంపించు. వాట్సాప్‌లో ఫోటో వద్దు, సైజు తెలియదు. దాంతోపాటు డమ్మీ కూడా పంపితే పేజీ నంబర్లన్నీ ఒక్కొక్కటిగా సరిచూసి పంపుతాను.

మీ
పెదనాన్న