సమాధానం: సెగ్నెస్ కనుమ ఎక్కకుండా సార్డోనా చూడవచ్చా?

అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, గైడేమో సార్డోనా (పాత శిల కొత్త శిల మీదికెక్కి కనిపించే స్విట్జర్లాండ్ కొండ ప్రాంతం) చూపించడానికి 2,627 మీటర్ల ఎత్తున్న సెగ్నెస్ కనుమ మీదుగా నడిపిస్తానంటున్నాడు, ఏం చేయాలని అడిగారు. ఆవిడను ఆ కనుమ ఎక్కించకండి. అసలు విశేషం కిందే ఉంది.

ష్వాండెన్ అనే ఊరి దగ్గర లోఖ్‌సైట్ అనే చోటు ఉంది. రైలు స్టేషను నుంచి నడిచి చేరుకోవచ్చు. చివర్లో అడవిలో కొంచెం ఎక్కుడు ఉంటుంది కాబట్టి చేతికర్ర ఇవ్వండి. అక్కడ పైన ఉన్న వెరుకానో శిల వయసు 25 నుంచి 30 కోట్ల ఏళ్లు, దాని కింద ఉన్న ఫ్లిష్ (సముద్రం అడుగున ఇసుక, బురద పేరుకుని ఏర్పడిన శిల) వయసు మూడున్నర నుంచి ఐదు కోట్ల ఏళ్లే. తాత మనవడి భుజాలెక్కి కూర్చున్నట్టు! ఆఫ్రికా, యూరప్ భూఫలకాల ఒత్తిడికి పాత శిల కనీసం 35 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి కొత్తదాని మీదికి ఎక్కింది. రెండింటి మధ్య నలిగిన సున్నపురాయి పలుచని పొర. ఆ గీతను చేత్తో తాకవచ్చు. కనుమ దారిలో వెళ్లేవాళ్లు దాన్ని ఎక్కువగా దూరం నుంచే చూస్తారు. ఈ తలకిందుల అమరికకు కారణం శిలల్లో వచ్చిన ఒకే పెద్ద మడత కావచ్చని 1884లో ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త మార్సెల్ బెర్ట్రాండ్ చెప్పేదాకా, రెండు ఎదురెదురు మడతలనే వాదనే చెలామణీ అయింది.

తర్వాత బస్సులో ఎల్మ్ అనే ఊరికి వెళ్లండి. చింగెల్‌హోర్నర్ శిఖరాల మీద అదే గీత, దాని కింద మార్టిన్స్‌లోఖ్ అనే రంధ్రం ఊళ్లోంచే కనిపిస్తాయి. మబ్బు లేని రోజు చూసుకోండి.

మీరు మాత్రం గైడుతో కనుమ ఎక్కండి. అతనికి ముందే చెబితే అమ్మగారిని ఎల్మ్‌లో ఎప్పుడు కలుసుకోవాలో లెక్క చెబుతాడు.