డెక్కు తీసేసి బ్లూటూత్ యాంప్ పెట్టుకోవచ్చా?

(విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లుగా కార్ల ఎలక్ట్రికల్, ఆడియో పని చేస్తున్న మెకానిక్ పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: నాది 2013 మోడల్ ఆల్టో కె10. అందులో ఉన్న పాత సీడీ డెక్కు పూర్తిగా పాడైంది. ముందు రెండు స్పీకర్లు, వెనక ట్రే మీద రెండు ఓవల్ స్పీకర్లు మాత్రం బాగానే ఉన్నాయి. సీడీలు, పెన్‌డ్రైవ్‌లు వాడటం ఎప్పుడో మానేశాను, పాటలన్నీ ఫోన్లోనే. అందుకని డెక్కు తీసేసి, బ్లూటూత్ ఉన్న యాంప్లిఫైయర్ ఒకటి సీటు కింద పెట్టించుకుందామని ఉంది. ఆన్‌లైన్లో ‘4000 వాట్స్, 4 ఛానల్, బ్లూటూత్’ అని ఒకటి మూడున్నర వేలకి కనిపించింది. తీసుకోవచ్చా? అన్నీ కలిపి పదివేల లోపు అయిపోవాలి.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఆలోచన మంచిదే. ఆ 4000 వాట్ల పెట్టె మాత్రం వద్దండి.

ఎవరైనా యాంప్ తెచ్చి నా చేతికిస్తే నేను డబ్బా మీద అంకె చూడను. తిప్పి, వైర్లు బిగించే వైపు చూస్తాను. అక్కడ రంగు ప్లాస్టిక్ ఫ్యూజు ఒకటో రెండో గుచ్చి ఉంటాయి. నీలం అయితే 15 ఆంపియర్లు, పసుపు అయితే 20, ఆకుపచ్చ అయితే 30. ఉన్నది ఒక్క పసుపు ఫ్యూజే అనుకోండి. ఇంజను నడుస్తున్నప్పుడు మనకి దొరికేది సుమారు 14 వోల్టులు. ఇరవైని పద్నాలుగుతో గుణిస్తే 280 వాట్లు. నికరంగా ఆ యాంప్ లోపలికి వెళ్లేదే అంత. అందులో కొంత వేడి కింద పోతుంది. క్లాస్ డి రకం అయితే నూటికి ఎనభై వంతులు స్పీకర్లకి చేరతాయి, అంటే 224 వాట్లు. నాలుగు స్పీకర్లకి పంచితే ఒక్కోదానికి 56. పాత క్లాస్ ఏబీ రకం అయితే సుమారు సగమే మిగులుతుంది, ఒక్కోదానికి 35 వాట్లు. మరి ఆ నాలుగు వేలు ఎక్కడివి? అట్ట మీద అచ్చు వేసినవి, అంతే. నిజంగా 4000 వాట్లు బయటికి రావాలంటే లోపలికి 280 ఆంపియర్లకి పైనే లాగాలి. మీ ఆల్టో డైనమో అందులో మూడో వంతు కూడా ఇవ్వలేదు.

కాబట్టి షాపులో అడగాల్సింది ‘ఎన్ని వాట్లు’ అని కాదు, ‘ఆర్‌ఎంఎస్ ఎంత, ఎన్ని ఓమ్స్ మీద, ఫ్యూజు ఎంత’ అని. ఆర్‌ఎంఎస్ అంటే ఆగకుండా ఇవ్వగల అసలు వాట్లు, ఓమ్స్ అంటే స్పీకర్ నిరోధం. 4 ఓమ్స్ మీద ఛానల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 45–50 వాట్ల ఆర్‌ఎంఎస్ నిజంగా ఇచ్చేది దొరికితే మీ కారుకి అదే ఎక్కువ. మీ ఓవల్ స్పీకర్ల వెనక అయస్కాంతం మీద స్టిక్కర్ ఉంటుంది, ఒకసారి డిక్కీ తెరిచి టార్చి వేసి చూడండి. దాని మీద వాట్లు రెండు అంకెలుగా ఉంటే చిన్నదే ఆర్‌ఎంఎస్, మనం చూసుకోవాల్సింది అదే. అదే స్టిక్కర్ మీదో, డబ్బా మీదో సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత మోత వస్తుందో చెప్పేది) అని ‘88 డీబీ’, ‘91 డీబీ’ లాంటిది కూడా రాసి ఉండొచ్చు. మూడు డీబీలు ఎక్కువ ఉన్న స్పీకర్ సగం వాట్లతోనే అంత మోతా మోగుతుంది. ఈ సంగతి షాపుల వాళ్లు చెప్పరు. చెప్తే పెద్ద యాంప్ ఎవరు కొంటారు?

ఇక బ్లూటూత్. ముందు నా ఓమ్నీ కథ వినండి.

మీలాగే నేనూ నా సొంత ఓమ్నీలో డెక్కు పీకేసి బ్లూటూత్ యాంప్ పెట్టాను. మామూలుగా యాంప్‌కి ఎర్ర వైరు బ్యాటరీ నుంచి, నల్ల వైరు బాడీకి, మూడోది సన్నటి నీలం వైరు డెక్కు నుంచి వస్తాయి. ఆ నీలం దాన్నే రిమోట్ వైరు అంటాం. డెక్కు ఆన్ అయితే దాంట్లోకి 12 వోల్టులు వస్తాయి, యాంప్ మేలుకుంటుంది. డెక్కు ఆగితే పడుకుంటుంది. నా బండిలో డెక్కే లేదు కదా. సాయంత్రం ఆలస్యమైంది, రేపు చూద్దాంలే అని రిమోట్‌ని తెచ్చి ఎర్ర వైరుకే కలిపేశాను. ఊరందరికీ వద్దని చెప్పే పని నేనే చేశాను.

రెండో రోజు రాత్రి మావాడు ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్లో రీల్స్ చూస్తున్నాడు. ఫోన్లో చప్పుడు లేదు, కిటికీ బయట ఆపి ఉన్న ఓమ్నీలోంచి మోత! పది మీటర్ల లోపే కాబట్టి ఫోన్ దానంతటదే వెళ్లి యాంప్‌కి తగులుకుంది. అందరం పడీ పడీ నవ్వుకున్నాం. తాళం తీసేసిన బండిలో యాంప్ ఇంకా ఎందుకు మేలుకుని ఉందో నా బుర్రకి తట్టలేదు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి మోపిదేవి వెళ్దామని అందరం ఎక్కి కూర్చున్నాం. తాళం తిప్పితే ‘టక్’. మళ్లీ తిప్పితే మళ్లీ ‘టక్’. మా ఆవిడ వెనక సీట్లోంచి, ‘ఊళ్లో కార్లన్నీ మీరే కదండీ బాగుచేసేది’ అంది.

లెక్క వేస్తే తేలిపోతుంది. పాట లేకపోయినా మేలుకుని ఉన్న యాంప్ ఒక ఆంపియర్ తాగిందనుకుంటే రోజుకి 24 ఆంపియర్ అవర్లు. మన చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. రెండో తెల్లవారికి సెల్ఫ్ తిప్పే సత్తా దానికి ఎక్కడుంటుంది?

మీరు చేయించాల్సింది ఇదీ. డెక్కు తీసేశాక దాని కప్లర్లో, అంటే వెనక గుచ్చే ప్లగ్గులో, వైర్లు మిగులుతాయి. టెస్ట్ లాంపు పెట్టి చూస్తే ఒకటి ఎప్పుడూ వెలిగిస్తుంది, ఇంకొకటి తాళం ఒక మెట్టు తిప్పితేనే వెలిగిస్తుంది. రిమోట్ వైరుని ఆ రెండోదానికే కలపమనండి. రంగుని బట్టి పోవద్దు, లాంపు పెట్టే చూడమనండి. పని అయ్యాక తాళం తీసి, ఫోన్లో బ్లూటూత్ తెరిచి యాంప్ పేరు ఇంకా దొరుకుతోందేమో చూడండి. దొరికితే డబ్బులు ఇవ్వకండి.

డెక్కు పోతే దానితో పాటు పోయేవి కూడా ఉన్నాయి. మొదటిది రేడియో. పొద్దున్నే వివిధ భారతి పెట్టుకునే అలవాటు మీకుంటే ఇక్కడే ఆగి ఆలోచించండి, ఈ యాంప్‌లలో చాలావాటికి ఎఫ్ఎం ఉండదు. రెండోది వాల్యూమ్ నాబ్. నాబ్ లేకపోతే ప్రతిసారీ ఫోన్ చేతిలోకి తీసుకోవాలి. నరసరావుపేట నుంచి గుంటూరు వచ్చే లోపు ఎన్ని లారీలు, ఎన్ని ఆటోలు ఎదురొస్తాయో మీకే తెలుసు. అందుకే వైరుతో వచ్చే చిన్న నాబ్ ఉన్న యాంప్ మాత్రమే తీసుకోండి. అది కూడా మొత్తం వాల్యూమ్‌ని తిప్పేదై ఉండాలి. చాలావాటితో ఇచ్చేది బేస్ నాబే, దాన్ని తిప్పితే వూఫర్ మోత తప్ప ఇంకేదీ మారదు. మూడోది ఫోన్ కాల్. కొన్ని యాంప్‌లు పాట మాత్రమే అందుకుంటాయి, మైకు ఉండదు. కాల్ రాగానే పాట ఆగి, మాట ఫోన్లోంచే వస్తుంది. కొనేముందు షాపులోనే మీ ఫోన్ జత చేసి, పక్కనున్న వాళ్లతో కాల్ చేయించి చూడండి.

డబ్బా మీద ‘బ్లూటూత్ 5.0’ అని పెద్దక్షరాలతో వేస్తారు, దానికి మురిసిపోకండి. ఆ అంకె పెరిగినంత మాత్రాన పాట నాణ్యత పెరగదు. పాటని ఏ కోడెక్‌లో, అంటే కుదించి పంపే ఏ పద్ధతిలో, పంపుతున్నారన్నదే లెక్క. ఎస్‌బీసీ అనే కోడెక్ అన్నిట్లో ఉంటుంది. ఐఫోన్ అయితే ఏఏసీ ఉన్న యాంప్ చూసుకోండి, ఐఫోన్‌కి ఆప్ట్‌ఎక్స్ అనే ఇంకో కోడెక్ పనికిరాదు. అద్దాలు దించి, గతుకుల రోడ్డు మీద, ఆల్టోలో ఈ తేడా నా చెవికి ఎప్పుడూ ఆనలేదు. పెట్టే చోటు మాత్రం చెవికి ఆనింది. ఇనుప డబ్బాలో పెట్టి, పైన మ్యాటు, దాని పైన సామాను వేస్తే పాట తెగి తెగి వస్తుంది. యాంటెన్నా వైరు బయటికి వచ్చే రకం అయితే దాన్ని సీటు పక్కకి తెచ్చి పెట్టించండి. సీటు కింద పెట్టేటప్పుడు రెండు అంగుళాల చెక్క వేసి దాని మీద బిగించమనండి. వానాకాలంలో మ్యాటు కింద నీళ్లు చేరతాయి.

మీ పదివేలలో ఒక వెయ్యో పదిహేను వందలో వైర్లకి పక్కన పెట్టండి. 20–30 ఆంపియర్ల యాంప్‌కి ఈ దూరంలో 8 గేజ్ వైరు చాలు, మన ఎలక్ట్రికల్ షాపుల భాషలో దాదాపు 8 చదరపు మిల్లీమీటర్లది. నిజమైన రాగిదే కావాలి. కిట్లలో వచ్చే వైరు చాలాసార్లు అల్యూమినియం మీద రాగి పూత. ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఇంకో ఫ్యూజు ఉండి తీరాలి. అది యాంప్ కోసం కాదు. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని రేకుకి తగిలితే మంట లేవకుండా ఉండటానికి.

నేనైతే మీ స్థానంలో ఏం చేస్తాను? రేడియో అక్కర్లేదు, నాబ్, మైకు ఉన్నది దొరికింది అంటే బ్లూటూత్ యాంపే. లేదంటే బ్లూటూత్, ఎఫ్ఎం ఉన్న మామూలు డెక్కు ఒకటి కొనండి. ముందు దాంతోనే ఒక నెల వినండి. ‘50 వాట్స్ ఇంటూ 4’ అని రాసి ఉన్నా డెక్కు నిజంగా ఇచ్చేది ఛానల్‌కి సుమారు ఇరవై వాట్లే, అయినా చాలామందికి అది చాలు. చాలకపోతే అప్పుడు బ్లూటూత్ లేని మంచి యాంప్ జత చేయండి. అదే డబ్బుకి నిజమైన వాట్లు ఎక్కువ వస్తాయి.

ప్రశ్న: కొత్త కారు, కంపెనీ టచ్ స్క్రీన్‌లోనే బ్లూటూత్ ఉంది. సౌండు పెంచడానికి బ్లూటూత్ యాంప్ కొనమంటున్నారు. నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అక్కర్లేదమ్మా. ఫోన్ ఒకేసారి రెండు చోట్లకి లాగుతుంది, కాల్ స్క్రీన్‌లో, పాట యాంప్‌లో, పార్కింగ్ బీప్ ఇంకెక్కడో. మీకు కావాల్సింది హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న మామూలు యాంప్. స్క్రీన్ నుంచి స్పీకర్లకి వెళ్లే వైర్లనే అది అందుకుంటుంది. స్టీరింగ్ మీది బటన్లు ఎప్పటిలాగే పనిచేస్తాయి. ఒక్క షరతు: కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనివ్వకండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ దొరుకుతుంది, అది తెచ్చే వాళ్ల దగ్గరే చేయించండి. కోస్తే రేపు వారంటీ దగ్గర మాట పడేది మీరే.

ప్రశ్న: డెక్కుకి బ్లూటూత్ ఉన్న యాంప్ జత చేయించాక యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో ‘కుయ్’మని సన్నటి చప్పుడు, ఇంజను స్పీడుతో పాటు పెరుగుతోంది. యాంప్ మార్చాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మార్చకండి. మీ యాంప్‌లో బ్లూటూత్ ఉందని రాశారు కాబట్టి మీ పని సులువు. డెక్కు నుంచి యాంప్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లు పీకేసి, ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట పెట్టి ఇంజను రేస్ చేయండి. చప్పుడు పోయిందా? అయితే దోషం డెక్కుకీ యాంప్‌కీ మధ్య. ఆర్‌సీఏ వైరు, కరెంటు వైరు ఒకే పక్క నుంచి లాగి ఉంటారు, విడదీసి చెరో పక్క నుంచి తెమ్మనండి, డెక్కు ఎర్త్ కూడా చూడమనండి. చప్పుడు అలాగే ఉందా? అయితే యాంప్ ఎర్త్. నల్ల వైరు బిగించిన బోల్టు విప్పి చూడండి, నూటికి తొంభైసార్లు దాని కింద పెయింటు అలాగే ఉంటుంది. ఉప్పు కాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా గీకి, ముళ్ల వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి. ఎర్త్ వైరు మూరెడు దాటకూడదు. సీటు బెల్టు బోల్టుకి మాత్రం కట్టనివ్వకండి.

ఇంకో మాట. యాంప్ మీద గెయిన్ అని ఉండే స్క్రూని (లోపలికి వచ్చే పాటని ఎంత పెంచాలో చెప్పేది) వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అది తిప్పితే పాటతో పాటు ఈ కుయ్ కూడా పెరుగుతుంది. దాన్ని పూర్తిగా తగ్గించి, ఫోన్ వాల్యూమ్ ముప్పాతిక దాటించి, అప్పుడు మెల్లగా పెంచుతూ గొంతు బరబరమనే చోటుకి కాస్త ముందే ఆపండి.

ప్రశ్న: ట్రాక్టర్ మీద బ్లూటూత్ యాంప్ పెట్టొచ్చా? దమ్ము చేసేటప్పుడు బురద, నీళ్లు పడతాయి.
– ఒక రైతు, తాడేపల్లిగూడెం

జవాబు: నిజానికి డెక్కు లేని బ్లూటూత్ యాంప్‌కి సరైన బండి మీదే. పడవలకి, ఓపెన్ బండ్లకి చేసే రకం అడగండి. దాని మీద ఐపీ అని రెండంకెలు ఉంటాయి. 65 అంటే ఆరు దుమ్ము లోపలికి పోదని, ఐదు పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుందని. 67 అయితే కాసేపు నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని. కార్లకి వాడే మామూలు యాంప్‌ని పాలిథిన్ సంచిలో కట్టి పెట్టే వాళ్లున్నారు. ఆ సంచిలో వేడికి అది వాన కంటే ముందే పోతుంది. రిమోట్ వైరుకి తాళం మీద కరెంటు దొరక్కపోతే మడ్‌గార్డు పక్కన రబ్బరు టోపీ ఉన్న చిన్న స్విచ్చి పెట్టించండి. సాయంత్రం దిగేటప్పుడు అది కట్టేయడం మర్చిపోతే ఏమవుతుందో పైన ఓమ్నీ కథలో చదివారు కదా.