పిల్లికి డ్రై ఫుడ్డా, వెట్ ఫుడ్డా?

షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్నాం, వాళ్లు చిన్న డ్రై ఫుడ్ సంచి ఒకటి చేతిలో పెట్టి పంపారు, షాపుకెళితే ఒక వరుసంతా సంచులు, ఇంకో వరుసంతా వెట్ ఫుడ్ డబ్బాలు, ఏది కొనాలి? విదేశాలకొచ్చి మొదటిసారి పిల్లిని పెంచుకుంటున్న మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే, రోజూ ఎంతో కొంత వెట్ ఫుడ్ పెట్టండి. డ్రై ఫుడ్ పెడితే తూచి పెట్టండి. ఇంటి గడప దాటని, న్యూటర్ (పిల్లలు కలగకుండా ఆపరేషన్) చేయించిన మగపిల్లి అయితే మాత్రం వెట్ ఫుడ్ వైపే గట్టిగా మొగ్గండి. ఎందుకో తెలియాలంటే ముందు నీళ్ల లెక్క చూడాలి.

పిల్లికి రోజుకు కిలో బరువుకు దాదాపు 50 మి.లీ. నీరు కావాలి. 4 కిలోల పిల్లికి 200 మి.లీ. అన్నమాట. ఇదంతా గిన్నెలోంచే తాగాలని లేదు, తిండిలో ఉన్న తేమ కూడా లెక్కలోకి వస్తుంది. డ్రై ఫుడ్‌లో తేమ 6 నుంచి 10 శాతం ఉంటుంది, వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం పైమాటే. పిల్లి రోజంతా 60 గ్రాముల డ్రై తిని బతికితే తిండిలోంచి దానికి అందేది 5 మి.లీ. నీరు. అదే 85 గ్రాముల డబ్బాలు రెండు తింటే 130 మి.లీ. దాకా అందుతుంది. డ్రై తినే పిల్లి గిన్నె దగ్గరికి ఎక్కువసార్లే వెళ్తుంది, నిజమే. కానీ అలా తాగే నీళ్లతో లోటు పూర్తిగా పూడదు. పెంపుడు పిల్లుల పూర్వీకులు నీళ్లు దొరకని పొడి నేలల్లో, వేటాడిన జంతువు ఒంట్లో ఉన్న తేమతోనే నెట్టుకొచ్చాయి. అందుకే పిల్లికి దాహం తక్కువ, దాని మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. చిక్కటి మూత్రంలో స్ట్రూవైట్, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు త్వరగా పేరుకుంటాయి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం కాబట్టి, స్ఫటికాలూ జిగురూ కలిసిన చిన్న ముద్ద అడ్డుపడినా మూత్రం పూర్తిగా ఆగిపోతుంది.

ఇది ఎలా కనిపిస్తుందో ముందే తెలిసి ఉండాలి. లిట్టర్ బాక్స్‌లోకి పదే పదే వెళ్తుంది, వంగి కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, కింది భాగాన్ని ఆపకుండా నాకుతుంది, లిట్టర్‌లో మాత్రం చుక్కో రెండు చుక్కలో తప్ప తడి ఉండదు. చూసినవాళ్లు మలబద్ధకం అనుకుని రేపు చూద్దాంలే అని ఊరుకుంటారు. మగపిల్లి ఇలా చేస్తుంటే తెల్లారేదాకా ఆగకండి, రాత్రైనా సరే ఎమర్జెన్సీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వెట్ ఫుడ్ పెట్టినంత మాత్రాన ఇది రాదని కాదు. మూత్రం పలచగా ఉంటే ఆ ముప్పు తగ్గుతుంది.

ఇక కొనేటప్పుడు డ్రై, వెట్ అన్న తేడా కంటే ముందు చూడాల్సింది లేబుల్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం. అమెరికాలో అయితే ఆఫ్కో (జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే సంఘం) ప్రమాణాల ప్రకారం 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని, ఏ వయసుకో కూడా రాసి ఉంటుంది. పెద్ద పిల్లికి 'మెయింటెనెన్స్', ఏడాదిలోపు పిల్లకు 'గ్రోత్', రెంటికీ పనికొచ్చేదైతే 'ఆల్ లైఫ్ స్టేజెస్'. యూరప్‌లో 'కంప్లీట్' అనీ 'కాంప్లిమెంటరీ' అనీ ఉంటుంది. కాంప్లిమెంటరీ అని ఉన్నవీ, 'ఇంటర్మిటెంట్ ఆర్ సప్లిమెంటల్ ఫీడింగ్ ఓన్లీ' అని ఉన్నవీ పూటకు సరిపడే భోజనం కావు. చూడ్డానికి అచ్చంగా మాంసం ముక్కల్లా ఉండే చేప డబ్బాలు, నాకించే ట్యూబులు చాలావరకు ఈ కోవలోవే. పిల్లి ఇష్టంగా తింటోంది కదా అని నెలల తరబడి అవే పెడితే పోషకాలు లోపిస్తాయి. టారిన్ అనే అమైనో ఆమ్లం లోపిస్తే మరీ ప్రమాదం. పిల్లి ఒంట్లో అది చాలినంత తయారు కాదు, తిండిలోంచే రావాలి. అది చాలకపోతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. గుండె జబ్బుకూ టారిన్‌కూ ఉన్న సంబంధం 1987లో బయటపడ్డాకే కంపెనీలు పిల్లి తిండిలో దాని మోతాదు పెంచాయి. ఇంట్లో కుక్క కూడా ఉంటే దాని తిండి పిల్లికి పెట్టకూడదనేది కూడా ఇందుకే. పూర్తి శాకాహారం మీద కూడా పిల్లిని పెంచవద్దు. దాని శరీరం మాంసం కోసమే తయారైంది.

డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి. అమెరికా నిబంధనల ప్రకారం పేరు ఉత్త 'చికెన్ ఫర్ క్యాట్స్' అని ఉంటే, కలిపిన నీటిని మినహాయించి 95 శాతం చికెన్ ఉండాలి. 'చికెన్ డిన్నర్', 'చికెన్ ఎంట్రే' లాంటి మాట చేరితే 25 శాతం ఉంటే చాలు. 'విత్ చికెన్' అంటే 3 శాతం. 'చికెన్ ఫ్లేవర్' అంటే ఆ రుచి తెలిస్తే చాలు.

వెనకవైపు ప్రోటీన్ శాతాలు పోల్చేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. డ్రైలో 32 శాతం, వెట్‌లో 10 శాతమే ఉందని చూసి డ్రైయే బలం అనుకుంటారు. తేమ తీసేసి చూడాలి. తేమ 78 శాతం ఉన్న వెట్ ఫుడ్‌లో మిగిలిన పదార్థం 22 శాతం. 10ని 22తో భాగించి వందతో గుణిస్తే 45 శాతం. తేమ 8 శాతం ఉన్న డ్రైలో మిగిలింది 92, కాబట్టి 32కి వచ్చేది 35 శాతం. అంటే ఇక్కడ వెట్‌లోనే ప్రోటీన్ ఎక్కువ. పెద్ద పిల్లికి ఆఫ్కో పెట్టిన కనీస పరిమితి ఇలా తేమ తీసేసిన లెక్కలో 26 శాతం, పిల్లకు 30 శాతం. పిండిపదార్థం ఎంతో లేబుల్ మీద సాధారణంగా ఉండదు. వందలోంచి ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (ఖనిజాలు) అన్నీ తీసేస్తే వచ్చేది ఉజ్జాయింపుగా అదే. డ్రై గింజలు ఆకారం నిలవాలంటే పిండిపదార్థం కావాలి, అందుకే వాటిలో ఇది ఎక్కువ.

ఎంత పెట్టాలన్నదానికి సంచి మీద ఉన్న పట్టికను గుడ్డిగా నమ్మకండి, ఇంట్లోనే ఉండే పిల్లికి అది తరచూ ఎక్కువైపోతుంది. 4 కిలోల పెద్ద పిల్లికి, న్యూటర్ అయి ఇంట్లోనే తిరిగేదైతే, రోజుకు 200 నుంచి 240 కేలరీలు సరిపోతాయి. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో 350 నుంచి 400 కేలరీలుంటాయి, వెట్‌లో దాదాపు 70 నుంచి 110. లేబుల్ మీద కిలోకు ఇన్ని, డబ్బాకు ఇన్ని అని కేలరీలు ఇస్తారు, మీది చూసుకుని లెక్క వేయండి. ఉదాహరణకు డబ్బాకు 80 కేలరీలున్న వెట్ ఫుడ్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పెడితే 160. రోజుకు 220 అనుకుంటే, మిగతా 60 కేలరీలకు డ్రై ఫుడ్ 16 గ్రాములు. అంతే, చారెడు కూడా కాదు. మొదటిసారి తూచినప్పుడు ఇంత కొంచెమా అనిపిస్తుంది. కప్పుతో కొలవకండి, వంటింటి డిజిటల్ తక్కెడ వాడండి. కప్పు కొలతలో రోజుకు 10 గ్రాములు ఎక్కువ పడటం చాలా తేలిక. అది దాదాపు 37 కేలరీలు, అంటే రోజు కోటాలో ఆరో వంతు. గిన్నె నిండా డ్రై పోసి ఎప్పుడూ ఉంచే ఇళ్లలో పిల్లులు లావెక్కడానికి కారణం ఇదే. నెలకోసారి బరువు చూడండి. పక్కటెముకల మీద వేళ్లు మెత్తగా ఆనిస్తే ఎముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర కొంచెం లోపలికి ఉండాలి.

డ్రై ఫుడ్ పళ్లు శుభ్రం చేస్తుందన్న మాట చాలా చోట్ల వింటారు. మామూలు డ్రై గింజను, అంటే కిబుల్‌ను పిల్లి ఒకసారి కొరికి మింగేస్తుంది, కొన్నిసార్లు కొరకను కూడా కొరకదు. పళ్లకోసమే పెద్ద గింజలుగా చేసిన డెంటల్ డైట్ వేరు, దాని మీద వీఓహెచ్‌సీ (పశువుల దంతారోగ్య మండలి) ముద్ర ఉందో లేదో చూడండి. అసలు పళ్లకు మేలు చేసేది బ్రష్షింగే.

డ్రైకే అలవాటుపడ్డ పిల్లిని మార్చడం ఓపికతో కూడిన పని. తెచ్చుకున్న కొత్తలో కనీసం వారం రోజులు షెల్టర్‌లో తిన్నదే పెట్టండి. కొత్త ఇల్లు, కొత్త తిండి రెండూ ఒక్కసారే అయితే విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత ముందుగా రోజంతా గిన్నె ఉంచడం ఆపి, పూటకు 20, 30 నిమిషాలు పెట్టి తీసేయండి. ఆకలి వేళలు కుదురుకున్నాక పాత తిండి పక్కనే చెంచాడు వెట్ ఫుడ్ ఉంచండి. అలవాటయ్యేకొద్దీ పావు వంతు, సగం, ముప్పావు వంతు అంటూ 7 నుంచి 10 రోజుల్లో పెంచండి, మొండి పిల్లికి నెల పట్టినా పట్టవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముద్దను పిల్లి ముట్టదు, దానికి వాసనే ముఖ్యం. గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి గోరువెచ్చగా చేయండి, లేదా చెంచాడు వేడినీళ్లు పోసి కలపండి. పైన కిబుల్ పొడి చల్లితే ఇంకా త్వరగా దారికొస్తుంది. గ్రేవీ ముక్కలు తినకపోతే పేటే (మెత్తగా నూరిన ముద్ద), పేటే తినకపోతే గ్రేవీ మార్చి చూడండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాడ్చడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని హెపాటిక్ లిపిడోసిస్ రావచ్చు, అది చాలా ప్రమాదకరం. 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. పిల్లి పిల్లలకైతే మొదటినుంచీ రెండు రకాలూ రుచి చూపించండి, పెద్దయ్యాక ఏది పెట్టినా పేచీ ఉండదు.

పిల్లికి ఇప్పటికే జబ్బు ఉంటే ఈ లెక్కలు మారతాయి. మధుమేహానికి ఇన్సులిన్ వేస్తున్నప్పుడు పిండిపదార్థం తక్కువున్న వెట్ ఫుడ్‌కు సొంతంగా మార్చకండి. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, డాక్టరు ముందుగా మోతాదు సరిచేయాలి. మూత్రపిండాల జబ్బుకూ, రాళ్లకూ ప్రిస్క్రిప్షన్ డైట్లు డ్రైలోనూ వెట్‌లోనూ ఉన్నాయి, అవకాశముంటే వెట్ అడగండి.

పచ్చి మాంసం, గడ్డకట్టించి అమ్మే పచ్చి ఆహారం సహజమైనదని ఊరిస్తారు. వద్దు. సాల్మొనెల్లా లాంటివి పిల్లికే కాదు, ఇంట్లో పసిపిల్లలకూ గర్భిణులకూ ముప్పు. 2024 డిసెంబరులో ఒరెగాన్‌లో అలాంటి పచ్చి ఆహారం తిన్న పిల్లి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో చనిపోయి, ఆ సరుకును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

వెట్ ఫుడ్ గిన్నెలో గంట, మహా అయితే రెండు గంటలు ఉండొచ్చు, తర్వాత పారేయండి. తెరిచిన డబ్బాకు మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజుల్లో వాడేయాలి. డ్రై సంచి తెరిచాక గాలి తగిలి కొవ్వు మక్కిపోతుంది కాబట్టి ఆరు వారాల్లో అయిపోయే సైజే కొనండి. రోజుకు 16 గ్రాములు పెట్టేవాళ్లకు ఆరు వారాలకు పట్టేది 700 గ్రాముల లోపే, పెద్ద సంచి చౌకని కొంటే సగం పాడవుతుంది. డ్రైని వేరే డబ్బాలో కుమ్మరించకుండా సంచితో సహా డబ్బాలో పెట్టండి. రీకాల్ (కంపెనీ సరుకును వెనక్కి పిలవడం) వచ్చినప్పుడు లాట్ నంబరు, తేదీ ఆ సంచి మీదే ఉంటాయి.

ఉదయం ఆఫీసుకెళ్లి సాయంత్రం వచ్చే ఇళ్లలో పొద్దున, రాత్రి వెట్ పెట్టి, మధ్యాహ్నం ఆ 16 గ్రాములు టైమర్ ఫీడర్‌లో వేసేయడం బాగా కుదురుతుంది. నీళ్ల గిన్నెలు తిండికీ లిట్టర్‌కీ దూరంగా రెండు మూడు చోట్ల పెట్టి రోజూ మార్చండి. ఊరెళ్తూ పిల్లిని ఎవరికైనా అప్పజెప్పేటప్పుడు డ్రైని రోజుకో పొట్లంగా తూచి కట్టి ఇవ్వండి. డబ్బాలు ఎన్ని పూటలకో లెక్కపెట్టి, రెండు పూటలు ఎక్కువే ఉంచండి, దొరకలేదని వాళ్లు వేరే రకం కొనే అవసరం రాకుండా. పొట్లాల మీద డాక్టరు నంబరు, ఎమర్జెన్సీ ఆసుపత్రి చిరునామా రాసి పెట్టండి. మగపిల్లి అయితే లిట్టర్‌లో తడి గడ్డలు రోజుకు ఎన్ని పడుతున్నాయో చూడమని, ఒక్కటీ లేకపోతే వెంటనే ఫోన్ చేయమని చెప్పి వెళ్లండి.