పెళ్లే అసలు కొలువు: కథ రాస్తున్న మనవడికి జేజి ఉత్తరం

చిరంజీవి మనవడికి,

జేజి ఆశీస్సులు. నువ్వు పంపిన భాగాలన్నీ చదివాను. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్లోడు యాక్సిడెంట్‌లో పోయి, పెనుకొండ రాయల కింద ఒక అమరనాయకుడి (రాయలిచ్చిన సీమను ఏలుతూ కప్పం కట్టే నాయకుడి) కొడుకుగా పుట్టడం, పదహారేళ్లకే గండికోట పిల్లతో పెళ్లి ఖాయం కావడం బాగున్నాయి. మొదలుపెడితే ఆపబుద్ధి కాలేదు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా. నీ కథలో కుట్రలన్నీ కొలువులో జరుగుతున్నాయి. పెళ్లి ముచ్చట్లేమో అంతఃపురంలో విడిగా నడుస్తున్నాయి. ఆ కాలంలో ఆ రెండూ వేరు కావు నాయనా. పెళ్లే అసలు కొలువు.

ముందు పునర్జన్మ సంగతి. కొరియా కామిక్స్ చూసి రాశావని ఎవరైనా అంటారేమోనని భయపడుతున్నట్టున్నావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. మన నంద్యాలలో, పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయం రాసి నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అందులో మణికంధరుడనే గంధర్వుడు కళాపూర్ణుడనే రాజుగా పుడతాడు. ఒక పసిపాప నోరు విప్పి పూర్వజన్మ కథ చెబుతుంది. తీరిక చేసుకుని చదువు. నీ వాడితో వచ్చిన చిక్కేమిటంటే, వాడికి అన్నీ గుర్తున్నాయి. అట్లా ఉంటే కథలో బిగువు ఉండదు. ఇంజినీరింగ్ చదివిన పిల్లోడికి చరిత్ర ఎంత గుర్తుంటుంది చెప్పు? 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం దక్కను సుల్తానుల చేతిలో ఓడిందని పరీక్ష కోసం బట్టీపట్టిన ముక్క గుర్తుంటుంది. ఎవరు ఎవరికి మేనమామో, ఎవరి అప్పు ఎవరి దగ్గర ఉందో తెలియదు. కొలువులో బతికించేది ఆ రెండోదే. దాన్ని వాడు ఈ జన్మలో, తప్పులు చేసుకుంటూ నేర్చుకోవాలి.

ఫిరంగులు వాడే కనిపెట్టినట్టు రాసిన భాగం తీసెయ్. తళ్లికోటలో రెండు పక్షాల దగ్గరా ఫిరంగులున్నాయి. వాడి చదువు పనికిరావాలంటే చెరువు కట్టించు. మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు ఉంది కదా, దాన్ని 1369లో కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కరుడు. అతను వేయించిన శాసనం నీ కథకు పెన్నిధి. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలు ఉండకూడదని కూడా చెక్కించాడు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవిటినేల ఒక దోషం. వీటితోపాటు, చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమేనని రాయించాడు.

ఆ దోషం దగ్గర నువ్వు ఆగాలి. మన సీమలో వాన తక్కువ. నీళ్లు నిలిచే పల్లం ఎక్కడుంటే అక్కడే చెరువు కట్టగలం. ఆ పల్లం నీ వాడి తండ్రి సీమకూ, పిల్ల తండ్రి సీమకూ సరిగ్గా మధ్యలో ఉందనుకో. కట్ట ఒకరి నేల మీద, మునక ఇంకొకరి నేల మీద. మునిగే ఊళ్లవాళ్లు ఒప్పుకోరు, కింద ఆయకట్టువాళ్లు ఆగరు. తలలు పగులుతున్నాయి. రాయల కప్పం మాత్రం ఏటా కట్టాల్సిందే. అప్పుడు ఇద్దరు నాయకులూ వియ్యం అందుకుంటే పొలిమేర గొడవ తీరుతుంది. ఇప్పుడు నీ పెళ్లికి ఒక కారణం దొరికింది. ఇప్పటిదాకా నువ్వు ‘రాజకీయ కారణాల వల్ల’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు, చదివేవాళ్లకు అది ఆనదు. నీళ్ల కోసం అంటే అనంతపురంలో చదివే ప్రతి ఒక్కరికీ ఒంట్లోకి ఎక్కుతుంది. ఆ చెరువు నిండితే ఎవరికి నష్టమో, వాళ్లే పెళ్లి చెడగొట్టాలని చూస్తారు. కుట్ర కూడా అక్కడే పుట్టింది, చూశావా.

కొలువులో డ్యూకులు, లార్డులు వద్దు. మనకు సరిపడా మనుషులున్నారు. ప్రతి అమరనాయకుడి తరఫున రాజధానిలో స్థానాపతి ఉంటాడు. ఇక్కడి గాలి అక్కడికి చేరవేసేది అతనే. రాతకోతలు చూసే రాయసంవాడు, రాయల వెనక తాంబూలం పట్టుకుని నిలబడే అడపంవాడు. ఈ అడపంవాణ్ణి బాగా వాడుకో. అన్నీ వింటాడు, ఎవరూ అతణ్ణి పట్టించుకోరు. తంజావూరు నాయకరాజ్యం నిలబెట్టిన చెవ్వప్ప అచ్యుతరాయల దగ్గర అడపం పట్టినవాడేనని, రాయలవారికి తోడల్లుడయ్యాకే తంజావూరు దక్కిందని చెబుతారు. తాంబూలం చిన్న విషయం కాదు. 1443లో విజయనగరానికి వచ్చిన పర్షియా రాయబారి అబ్దుల్ రజాక్‌కు రాయలు తాంబూలం, కర్పూరం ఇప్పించి గౌరవించాడు. నిండు సభలో తాంబూలం ముందు ఎవరికి అందింది, ఎవరి చెయ్యి గాల్లో ఉండిపోయింది అన్నది రాస్తే చాలు. నీ నాలుగు పేజీల వాగ్వాదం అక్కర్లేదు.

ఇక పెళ్లి. రామరాయలూ, అతని తమ్ముడు తిరుమలరాయలూ ఇద్దరూ కృష్ణదేవరాయల అల్లుళ్లే. సింహాసనం మీద సదాశివరాయల్ని కూర్చోబెట్టి రాజ్యం నడిపింది రామరాయలు. తళ్లికోటలో అతను పడిపోయాక సదాశివరాయల్నీ, ఖజానానీ వెంటబెట్టుకుని మన పెనుకొండకు చేరింది తిరుమలరాయలు. ఆ అల్లుళ్ల ఇంటిపేరే తర్వాత ఆరవీటి రాజవంశమైంది.

ఇంతకంటే కఠినమైన కథ ఇంకోటుంది. 1614లో ఆ ఆరవీటి వంశపు వేంకటపతిరాయలు పోయాక, ఆయన ఎంచుకున్న శ్రీరంగరాయల్ని రాణిగారి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు చెరలో పెట్టి, కుటుంబంతో సహా చంపించాడు. ఒక్క పిల్లవాడు, రామదేవుడు, బతికాడు. కోటలో బట్టలు ఉతికే చాకలి అతణ్ణి మూటలో పెట్టి దాటించాడని అప్పటి పోర్చుగీసు పాదిరీ ఉత్తరంలో ఉంది. పిల్లవాడి పక్షాన రాయల సామంతుడు యాచమనాయుడు నిలబడ్డాడు. తోపూరు యుద్ధంలో జగ్గరాయడు చచ్చాడు. అయినా గొడవ తీరలేదు. చివరికి జగ్గరాయడి తమ్ముడు ఎతిరాజు కూతుర్ని రామదేవరాయలు పెళ్లి చేసుకుంటే గానీ సంధి కుదరలేదు. తన తల్లినీ తండ్రినీ చంపించినవాడి తమ్ముడి కూతురు! పెళ్లిపీటల మీద ఆ పిల్లవాడు తల ఎత్తి మామగారి మొహం చూసినప్పుడు ఏమనుకుని ఉంటాడు? తన పెదనాన్నను చంపిన పక్షంలోకి కాపురానికి వెళ్తున్న ఆ పిల్ల ఏమనుకుని ఉంటుంది? నీ కథలో ఉండాల్సింది ఈ బరువు. నీ వాడు పెళ్లిచూపుల్లోనే ప్రేమలో పడిపోయాడు. అది నాకు రుచించలేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది పిల్ల సంగతి. ఇన్ని భాగాల్లో ఆమె నవ్వింది, సిగ్గుపడింది, ఒకసారి ఏడ్చింది. అంతేనా? ఆమె గండికోటలో పుట్టిన పిల్ల. కింద పెన్న, చుట్టూ నిటారుగా తెగిన ఎర్రరాతి లోయ. ముట్టడి వస్తే ఎన్ని నెలలు తినొచ్చో, ఎవరికి ఎంత కొలిచి పోయాలో చిన్నప్పటినుంచీ వింటూ పెరుగుతుంది. అత్తగారింటికి రాగానే గాదెలు ఖాళీగా ఉన్నాయని మొదటి పూట వడ్డనలోనే కనిపెట్టేస్తుంది. జొన్న సంగటి ముద్ద ఏ వరస దాకా పెద్దగా ఉంది, ఎక్కడ నుంచి చిన్నదైంది, ఎవరి విస్తట్లో నెయ్యి పడలేదు అన్నది చూస్తుంది. ఆమెతోపాటు పుట్టింటి అరణంగా (పెళ్లి కానుకగా) వచ్చిన దాసీలు కూడా చూస్తారు. వాళ్లలో ఒకతె ప్రతి ముక్కా గండికోటకు చేరవేస్తుంది. పిల్లకు ఆ సంగతి తెలుసు. ఆపాలా, పోనివ్వాలా? ఏం చేసినా ఒక ఇంటికి ద్రోహమే. నీ నవలంతటికీ ఇరుసు ఇక్కడుంది. పూర్వజన్మ జ్ఞానం ఉన్న మొగుడి కంటే ఈ జన్మలో కళ్లు తెరుచుకుని పెరిగిన పెళ్లామే ఆ కొలువును బాగా చదవగలదు. వాడు ఆ మాట ఒప్పుకున్న రోజే వాళ్ల కాపురం మొదలవుతుంది.

చిన్న సంగతులు కొన్ని. పెళ్లి విందులో వేరుశెనగ చట్నీ, టమాటా పప్పు తీసెయ్, అవి అమెరికా ఖండం నుంచి వచ్చినవి. కారానికి మిరియాలు రాయి. గండికోటలో ఇప్పుడు కనిపించే జామా మసీదు గోల్కొండవాళ్ల ఏలుబడి నాటిది, నీ కథాకాలంలో ఉండదు.

దసరాకు వస్తావు కదా. గండికోట, పోరుమామిళ్ల రెండూ తిరుగుదాం. ఈలోపల ఒక పని చెయ్. ఆ పిల్ల అత్తగారింటి నుంచి తల్లికి రాసే మొదటి ఉత్తరం రాసి పంపు. దాసీ చదువుతుందని తెలిసి రాసే ఉత్తరం. అది కుదిరేదాకా పెళ్లికి ముహూర్తం పెట్టకు.

మీ జేజి,
జమ్మలమడుగు