మామయ్య ఏరీ అని రోజూ అడుగుతున్నారు, ఏం చెప్పను?

ప్రశ్న: మా అత్తమ్మకు 76 ఏళ్లు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని రెండేళ్ల కిందట తేలింది. మాతోనే ఉంటారు. పొద్దుగూకితే చాలు, సంచి పట్టుకుని ‘ఇంటికి పోదాం పా, మీ మామ అన్నానికి చూస్తుంటడు’ అంటారు. మామయ్య పోయి ఆరేళ్లయింది. ఆ మాట చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తారు. ‘ఎన్నిసార్లు చెప్పాలమ్మా’ అని మావారు విసుక్కుంటారు. అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.
– ఒక కోడలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మామయ్య పోయారన్న మాట ఇక ఎత్తకండి. ఈ జబ్బులో సాధారణంగా ముందు చెదిరేవి కొత్త జ్ఞాపకాలు. నలభై ఏళ్ల కిందటి సంసారం చాలాకాలం నిలిచే ఉంటుంది. అందుకే మీరు చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది మొదటిసారే. కాసేపటికి వార్త మరిచిపోయినా దిగులు మాత్రం ఉండిపోతుంది, ఎందుకో ఆమెకే తెలియదు.

అలాగని ‘దారిలో ఉన్నారు, వచ్చేస్తారు’ అని అల్లకండి. గుమ్మం దగ్గరే కూర్చుండిపోతారు. ‘మామయ్యకు ఏం కూరంటే ఇష్టం అత్తమ్మా?’ అని అడిగి చూడండి. చింతచిగురు పప్పు దగ్గర మొదలై మాట ఎటో వెళ్తుంది. ఆయన ఊసు కోసమే కదా ఆమె ఆరాటం. ఇందులో మీరాడిన అబద్ధం ఏముంది?

‘ఇదే మన ఇల్లు’ అని వాదించొద్దు. చెప్పులు వేయించి అపార్ట్‌మెంట్ కింద ఒక రౌండ్ తిప్పి తీసుకురండి. ఈ కంగారు చాలామందిలో సాయంత్రాలే ఎక్కువ, కాబట్టి చీకటి పడకముందే లైట్లు వేసేయండి. తిప్పే పని మీవారికి అప్పజెప్పండి. ఆయన విసుగు వెనక, అమ్మ రేపు తననూ మరిచిపోతుందేమోనన్న టెన్షన్ ఉండొచ్చు.

మాట్లాడేముందు టీవీ ఆపి, ఎదురుగా కూర్చోండి. ‘టీయా, కాఫీయా, టిఫిన్ ఏం చేయను’ అని గుక్కతిప్పుకోకుండా అడిగితే దేనికీ జవాబు రాదు. ‘టీ తాగుతారా?’ అని ఆగండి. ఆలస్యమైనా జవాబు మీరే అందించకండి.

చుట్టాలది మరీ అన్యాయం. వస్తూనే ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెడతారు! ‘పెద్దమ్మా, నేను మీ చెల్లెలి కొడుకుని’ అని తామే చెప్పుకోమని గుమ్మంలోనే చెప్పేయండి. మొహమాటపడొద్దు.

మీకే తోచనప్పుడు వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం, మత్తు హఠాత్తుగా పెరిగితే మాత్రం జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లకు అలా అవుతుంది. ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.