రక్తస్రావం తగ్గినా తలనొప్పి పోవడం లేదు... మెదడువాపేనా?

ప్రశ్న: మావారికి 53 ఏళ్లు. 4 నెలల కిందట బీపీ బాగా పెరిగి మెదడులో రక్తస్రావమైంది. 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఎడమ చేతికి పట్టు చాలావరకు వచ్చింది గానీ తలనొప్పి మాత్రం రోజూ ఉంటోంది. డిశ్చార్జ్ కాగితాల్లో గడ్డ చుట్టూ వాపు ఉందని రాశారు. అది మెదడువాపు వ్యాధని, పిల్లలకు అంటుకుంటుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. మందుల షాపులో ఇచ్చిన నొప్పి బిళ్లతో పూట గడుస్తోంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

సలహా: ముందు పిల్లల సంగతి. అంటుకోదమ్మా. మన దగ్గర మెదడువాపు అనగానే దోమలతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గుర్తొస్తుంది. అది వైరస్. అదైనా మనిషి నుంచి మనిషికి రాదు.

మీవారిది వేరే కథ. మోకాలికి దెబ్బ తగిలి కమిలిన చోటు ముందు నల్లబడి, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి మాయమవుతుంది కదా. లోపల చిందిన రక్తాన్ని ఒళ్లు ఊడ్చుకుంటోందన్నమాట. మెదడులోనూ అదే పని జరుగుతుంది. కాకపోతే పాత రక్తంలోంచి వచ్చే ఇనుము అక్కడి కణాలకు పడదు. ఇన్‌ఫ్లమేషన్ రేగి, నీరు చేరి ఉబ్బుతుంది. మోకాలికైతే ఉబ్బడానికి చోటుంటుంది, పుర్రె సాగదు. అందుకే తొలి రోజుల్లో అంత నొప్పి. ఈ వాపు మామూలుగా ఒకటి రెండు వారాల్లో బాగా పెరిగి, ఆ తర్వాత కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

మీ చేతిలో ఉన్న కాగితం డిశ్చార్జ్ నాటిది. ఇవాళ తలలో ఏముందో అది చెప్పలేదు. కాబట్టి మళ్లీ ఒకసారి స్కాన్ అవసరం. వాపు ఇంకా ఉంటే దాని వెనక కణితి (ట్యూమర్) గానీ, రక్తనాళాల లోపం గానీ ఉందేమో వెతకాలి. నడక తూలుతున్నా, మతిమరుపు పెరిగినా, మూత్రం ఆపుకోలేకపోతున్నా మెదడులో నీరు నిలిచిందేమో చూడాలి.

స్కాన్ బాగుంటే? నా అనుమానం ఆ నొప్పి బిళ్ల మీదే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. ఒకసారి రక్తస్రావమైన మనిషికి ఈ రెండూ ప్రమాదమే. ఇంకో చిక్కుంది. నెలలో 15 రోజులో, అంతకంటే ఎక్కువో వేసుకుంటూ 3 నెలలు దాటితే బిళ్లే తలనొప్పిని పుట్టిస్తుంది. పారాసిటమాల్ కాస్త మేలే గానీ, దానికీ ఈ లెక్క తప్పదు. గుండె డాక్టరు ఆస్పిరిన్ రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి, అడిగి తేల్చుకోండి. వాపు తగ్గడానికని ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే వద్దనండి. రక్తస్రావం వల్ల వచ్చిన వాపుకు దానివల్ల మేలు లేదు, షుగర్ పెరుగుతుంది.

బీపీ ఇంట్లోనే పొద్దున, సాయంత్రం చూసి రాసిపెట్టండి. 130/80 లోపు ఉండాలి. నార్మల్‌కి వచ్చిందని బీపీ బిళ్ల మానేసినవాళ్లను వారానికొకరినైనా చూస్తుంటాను. బిళ్ల వేసుకోబట్టే నార్మల్‌గా ఉందని గుర్తుండదు వాళ్లకి. ఆవకాయ, గోంగూర పచ్చడి లేకుండా ముద్ద దిగదని మీరంటారు, నాకూ తెలుసు. రోజు మొత్తం ఉప్పు ఒక టీస్పూన్ దాటకూడదు, పచ్చడిలోదీ అందులోనే లెక్క.

తలనొప్పి ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చినా, వాంతులు, మగత, ఫిట్స్, మాట తడబాటు, కొత్తగా చెయ్యి కాలు పట్టు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

అవేవీ లేకపోయినా ఈ వారంలోనే న్యూరాలజిస్ట్‌కు చూపించండి. ఖర్చు భారమనుకుంటే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో న్యూరాలజీ విభాగం ఉంది. పాత స్కాన్ ఫిల్ములు, బీపీ రాసిన కాగితం, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. షాపువాళ్లు ఇచ్చిన బిళ్ల పేరు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్ చూపించినా చాలు.