ఐపీ నోటీసు వచ్చిందని కంగారు పడకు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. నీకు బాకీ ఉన్న, ఆంధ్రాలోని పాతపట్నం వ్యాపారి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడని నీకు నోటీసు రావడం, అదే నెలలో తమ్ముణ్ని పార్వతీపురం రోడ్డులో లారీ గుద్దడం, రెండూ ఫోన్లో విన్నాను. నువ్వు రెండింటినీ కలిపి టెన్షన్ పడుతున్నావు. విడివిడిగా చూడు. పర్లాకిమిడిలో ప్లీడరు గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ, న్యాయం లేక ఓడినవాళ్ల కంటే గడువు దాటబెట్టుకుని ఓడినవాళ్లనే ఎక్కువగా చూశాను.

ముందు తమ్ముడి సంగతి. ప్రమాదం ఆంధ్రాలో జరిగింది కాబట్టి అక్కడికే తిరగాలని ఎవరో చెప్పారన్నావు. అక్కర్లేదు. గాయపడినవాడు ఎక్కడ ఉంటే అక్కడి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కూడా నష్టపరిహారం కేసు వేయొచ్చు. వాడు ఉంటున్నది ఒడిశాలో, మన గుణుపురంలోనే కదా, మన జిల్లాలోనే వేయించు. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు చట్టంలో ఉంది, ఆలోపే పని కానివ్వు. ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, సంపాదన చూపే కాగితం, మందుల బిల్లులు దాచు. బిల్లు మీద వాడి పేరు ఉందో లేదో షాపు దగ్గరే చూసుకో, లేకపోతే ఇన్సూరెన్స్ ప్లీడరు దాన్నే పట్టుకుంటాడు. లారీ ఓనరు మనిషి వచ్చి చేతిలో ఇరవై వేలు పెట్టి సంతకం అడిగితే మాత్రం పెట్టనివ్వకు.

ఇక ఐపీ. మన వైపు జనానికి ఐపీ అంటే అప్పు ఎగిరిపోయినట్టే. అది నిజం కాదు. వాడు వేసింది పిటిషనే. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించాలి. ఆ తర్వాతే వాడి ఆస్తి కోర్టు చేతికో, కోర్టు నియమించిన రిసీవరు చేతికో పోతుంది, విడిగా దావా వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. కాబట్టి నోటీసులో ఉన్న వాయిదాకి ప్లీడరును పెట్టి హాజరు కా. ‘ఎలాగూ రాదులే’ అని ఊరుకున్నవాడికి పంపకంలో వాటా దక్కదు. బాకీ ఎంతో అఫిడవిట్‌తో రుజువు చేసుకుంటేనే నీ పేరు లిస్టులోకి ఎక్కుతుంది. ఇంకొకటి అడిగి తెలుసుకో. ఈ మధ్య ఇల్లు భార్య పేరునో బావమరిది పేరునో రాశాడా? పిటిషన్‌కి ముందు రెండేళ్లలోపు, సరైన డబ్బు తీసుకోకుండా రాసి ఉంటే, దివాలా ప్రకటించాక ఆ బదిలీని రద్దు చేయించే దారి ఉంది. పాతపట్నం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల సర్టిఫికెట్) తీయించు.

వాడు నీకు రాసిచ్చిన ప్రో నోటు (అప్పు పత్రం) బయటికి తీసి చూడు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకి, రాసిన తేదీ నుంచి మూడేళ్లే. దాటితే కాలదోషం, దావా నిలవదు. మధ్యలో వాడు ఐదు వేలు కట్టాడన్నావు. నోటు వెనక చెల్లు (కట్టిన డబ్బు వివరం) రాసి వాడి సంతకం ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. నువ్వే నీ చేత్తో రాసుకున్న చెల్లు పనికిరాదు. ఫోన్‌పేలో పడింది కదా అని కూడా ధీమాగా ఉండకు. స్టాంపు అంటించావా? స్టాంపు లేని ప్రో నోటుని ఆనక జరిమానా కట్టినా సాక్ష్యంగా తీసుకోరు.

వాడి ఐపీని కోర్టు కొట్టేస్తే బాకీ కోసం దావా వేయాలి. డబ్బు గుణుపురంలో ఇచ్చావు కాబట్టి ఇక్కడా వేయొచ్చు, కానీ వాడి ఆస్తి అటు ఉంది. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చాక అక్కడికి బదిలీ చేయించుకుని, దాన్ని అమలు చేయమని ఈపీ వేయాలి. పైగా ఇక్కడి కోర్టులో తెలుగు నోటుకి అనువాదం అడుగుతారు. అందుకే నేనైతే పాతపట్నంలోనే వేస్తాను.

ప్లీడరు ఫీజుకి ఇబ్బందైతే 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడుగు. అర్హత ఉందో లేదో చెబుతారు. అసలు నోటు ఎవరి చేతికీ ఇవ్వకుండా జెరాక్సులు పట్టుకుని ఆదివారం రా.

మీ మామయ్య